ముత్తక్క ముందు సీటు

ఆదివారం పొద్దున ముత్తక్క చీపురు పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి వాకిలి నడుమ కాంటా కనిపించింది. మిర్చి బస్తాలు తూచే ఇనుప కాంటా. దాని పక్కన ఆమె పెనిమిటి బొజ్జయ్య చేతులు వెనక్కి కట్టుకొని, పిల్లల కోసం ఎదురుచూసే బడిపంతులులా నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా ఇది, పొద్దుగాల్నే? ఎవరి మిర్చి వచ్చింది?"

బొజ్జయ్య కాంటా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ కాంటా వైపు చూశాడు.

నలభై రెండేళ్ళ కాపురంలో ముత్తక్క ఈ భాష బాగానే నేర్చుకుంది. చీపురు కింద పడేసింది.

"నన్నా? కట్టుకున్న పెండ్లాన్ని బస్తా లెక్క తూకమేస్తవా? మా నాయిన నన్ను నీకు ఇచ్చేనాడు కూడా ఎవలు తూచలేదు. ఇప్పుడు నువ్వు తూస్తవా?"

బొజ్జయ్య కాంటా మీది దుమ్ము కండువాతో దులిపాడు. ఆయన మూడో తరగతితో బడి మానేశాడని, మాటలు కూడా అక్కడే మానేశాడని ముత్తక్క ఊరంతా చెబుతుంది. ఇంట్లో మాట్లాడే పని మొత్తం ఆమే చూసుకుంటుంది, ఆయన వాటా కూడా కలిపి.

వాళ్ళ ఊరు జూలూరుపాడు దాటి లోపలికి, అడవి మొదలయ్యే చోట ఉంది. రెండు చక్రాల ట్రాలీ మీద బిగించిన గిర్ని వాళ్ళ బతుకుదెరువు. నడుమ డీజిల్ ఇంజను, ఒక పక్క పిండి పట్టే రాళ్ళు, ఇంకో పక్క కారం పట్టేవి. ఇరవై రెండేళ్ళుగా దాన్ని వారం వారం సంతలకు తిప్పుతున్నారు. సీతయ్య ట్రాక్టరు కిరాయికి లాగేది. ముత్తక్క ఇరవై రెండేళ్ళూ ఆ ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చొని, గుంత గుంతకూ సీతయ్యను తిడుతూ ప్రయాణం చేసింది. పోయిన నెల సీతయ్య ట్రాక్టరు అమ్మేశాడు.

కొడుకు వీరబాబు ఒక ఉపాయం చెప్పాడు. సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారు ఒకటి తీసుకుంటే సంత రోజున దారిలో తన భార్య పుష్పలతను అంగన్‌వాడీ దగ్గర, కూతురు లిఖితను బడి దగ్గర దింపి, అదే బండితో గిర్నిని సంతకు లాక్కుపోవచ్చు. పండుగకో పెళ్ళికో అందరూ అందులోనే పోవచ్చు. ముత్తక్క ఒకటే షరతు పెట్టింది. ముందు సీటు తనది. ఆ మాట ఇంట్లో ఒప్పుకోకముందే వాడకట్టంతా చెప్పి వచ్చింది కూడా.

బొజ్జయ్య ఆలోచన వేరు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఎడ్ల బండి తోలినవాడు. బరువు ముందుకు మొగ్గితే ఎడ్ల మెడలు కుంగుతాయి. వెనక్కి మొగ్గితే ఎడ్లను కట్టే నొగలు పైకి లేచి ఎడ్ల గొంతు పట్టుకుంటాయి. ఎడ్లయినా ఇంజనయినా బరువు బరువే. అందుకే ఎవరెంత ఉన్నారో తేలాలని కాంటా తెచ్చి పెట్టాడు.

పుష్పలత నోటుబుక్కు తెచ్చింది. నెలనెలా అంగన్‌వాడీ పిల్లల్ని తూచి రాసే అలవాటు ఆమెకు ఉండనే ఉంది. వీరబాబు ఎనభై నాలుగు కిలోలు. పుష్పలత అరవై ఒకటి. లిఖిత ఇరవై నాలుగు, బడి సంచి వేసుకుంటే ముప్పై ఒకటి.

"బడికి పోతున్నదా, గుట్ట కింద రాళ్ళు మోస్తున్నదా?" అంది ముత్తక్క అరుగు మీద నుంచి.

బొజ్జయ్య యాభై మూడు. ఇక ముత్తక్క మిగిలింది.

"రా అత్తా, ఒక్క నిమిషం. మా సెంటర్ల పిల్లలు కూడా గిట్ల చేయరు."

"పిల్లలకు గుడ్డు ఇస్తవు గదా, అందుకే ఎక్కుతరు. నేను ఎక్క."

"పోనీ అందాజగా రాస్తా. డెబ్బై?"

"నీ నోట్ల మన్నుపడ. అరవై రాయి."

పుష్పలత డెబ్బై అనే రాసింది. రాసి, నోటుబుక్కుతో గిర్ని ట్రాలీ దగ్గరికి పోయింది. కారుకు తగిలించే కొక్కెం వైపు, ట్రాలీ ముక్కు మీద ఒక ఇనుప పెట్టె ఉంది. దానికి తాళం. తాళంచెవి బొజ్జయ్య మొలతాడుకు.

"మామా, ఈ పెట్టె ఎంత ఉంటది? తూద్దామా?"

"పనిముట్లు" అన్నాడు బొజ్జయ్య. కాంటా ఎత్తి కొట్టంలో పెట్టేశాడు.

పది గంటలకు ఖమ్మం నుంచి లాల్‌సింగ్ వచ్చాడు. సెకండ్ హ్యాండ్ బండ్ల బ్రోకరు. తెల్లటి పెద్ద కారు ఒకటి అతని డ్రైవరు ముందు తోలుకు వచ్చాడు. దాని వెనక రంగు వెలిసి, తలుపు సొట్టపడిన పాత బండి ఒకటి లాల్‌సింగే తోలుకుంటూ వచ్చాడు. తెల్ల కారు పాలమీగడలా మెరుస్తోంది. కప్పుకు కిటికీ ఉంది. లోపల టీవీ అంత తెర ఉంది. లిఖిత కప్పులోంచి తల బయటపెట్టి దిగనంది.

"ఒక్క డాక్టరు తోలిండు కాకా దీన్ని" అన్నాడు లాల్‌సింగ్. "గాయన కూడా ఆదివారాలే తోలిండు. మిగతా దినాలు దవాఖానాల్నే ఉంటడు గదా. కొక్కెం కూడా పెట్టించిన, మీ గిర్ని కోసమనే."

వీరబాబు బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. ముత్తక్క అప్పటికే ముందు సీట్లో కూర్చొని అద్దంలో కొప్పు సర్దుకుంటోంది.

బొజ్జయ్య బానెట్ ఎత్తించాడు. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, దాని కొసన ఉన్న నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. సంతలో పిండి మెత్తదనం చూసేది అట్లాగే. కళ్ళు మూసుకొని కాసేపు రుద్ది, "బరక" అన్నాడు.

"బరకేంది కాకా, ఆయిలుకు బరక ఏముంటది?"

బొజ్జయ్య లాల్‌సింగ్ చెయ్యి పట్టుకొని ఆ వేళ్ళ మీద నూనె రాశాడు. లాల్‌సింగ్ రుద్ది చూసుకున్నాడు. సన్నటి ఇనుప రజను తగిలినట్టుంది, ముఖం మారింది. ఆ లోపల బొజ్జయ్య కండువా పరుచుకొని బండి కిందికి దూరాడు. రెండు నిమిషాలకు లేచి వచ్చి, దుమ్ము దులుపుకొని, కొక్కెం వైపు చూపించాడు.

"రేకుకు అతికించిండు."

అది నిజమే. కొక్కెం వెనక బంపరు రేకుకే వెల్డింగు అయి ఉంది. గిర్నిని లాగితే మొదటి గుట్ట దగ్గరే బంపరు గిర్నితో ఉండిపోయి, కారొక్కటే సంతకు చేరేది.

"నాయినా, కొక్కెం మనం వేరే పెట్టించుకుందాం" అన్నాడు వీరబాబు. అతని గొంతులో అప్పటికే కప్పు కిటికీ మీద ప్రేమ పుట్టింది.

బొజ్జయ్య వినలేదు. వెనకనున్న పాత బండి వైపు చూస్తున్నాడు.

"గది?"

"గది నా సొంత బండి కాకా. తొవ్వల ఆగిపోయిన బండ్లను లాక్కొచ్చేటందుకు పెట్టుకున్న. అమ్మేది కాదు."

"ఎందుకు?"

"మంచిగ నడుస్తది గదా" అన్నాడు లాల్‌సింగ్. అని నాలుక కరుచుకున్నాడు.

కారులోంచి ముత్తక్క తల బయటపెట్టింది. "అంటే అమ్మేవి మంచిగ నడువయా, కొడుకా?"

తర్వాత గంటసేపు ఆ వాకిట్లో ఆమె ఒక్కతే మాట్లాడింది. లాల్‌సింగ్‌కు మజ్జిగ పోసింది, వాళ్ళ అమ్మ పేరు అడిగింది, పెండ్లాం పుట్టిల్లు అడిగింది, ఆ పుట్టింటి వాళ్ళు తన దగ్గరే కారం పట్టించుకుంటారని తేల్చింది. బొజ్జయ్య పాత బండి ఆయిలు రుద్ది తలూపాడు. కింద దూరి చూశాడు. కొక్కెం ఛాసిస్‌కు, వేలంత బోల్టులతో ఉంది. ఎత్తు ఎక్కేందుకు లో గేరు ఉంది. వెనక సీట్లు మడిస్తే ఎనిమిది బస్తాలు పడతాయి. పన్నెండు కొట్టేసరికి లాల్‌సింగ్ తన సొంత బండిని తానే అమ్ముకొని, ఇంకా మజ్జిగ తాగుతున్నాడు.

"నాకేమైందో నాకే ఎరుక లేదు" అన్నాడు వీరబాబుతో. "మీ అమ్మ మా వ్యాపారంల ఉంటే మేము బతకం."

ఇక మిగిలింది లాగి చూడటం. గిర్నిని కొక్కేనికి తగిలించారు. ముత్తక్క ముందు సీట్లో, మిగతా వాళ్ళు నడిమి సీట్లో కూర్చున్నారు. వీరబాబు స్టీరింగు పట్టాడు. బండి వెనక భాగం గొర్రెపోతు కూర్చున్నట్టు కుంగింది. ముక్కు ఆకాశం వైపు లేచింది. ఊరి చివర మిట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు నేలను పట్టీ పట్టనట్టు తేలాయి. ఎటు తిప్పితే అటు పోవడానికి బండి కొంచెం ఆలోచించుకుంటోంది.

వాకిట్లోకి తిరిగి వచ్చి దిగారు. లాల్‌సింగ్ గడ్డం గోక్కున్నాడు. "బరువు ఎక్కువైంది. ఏదన్న తగ్గాలె."

పుష్పలత నోటుబుక్కు తెరిచింది. వీరబాబు లెక్క చూశాడు. లిఖితకు బడి ఉంది, పుష్పలతకు నౌకరి ఉంది, తను తోలాలి, నాయిన గిర్ని నడపాలి.

"అమ్మ ఇంటికాడ ఉంటే సరిపోతది" అన్నాడు. "డెబ్బై కిలోలు తగ్గుతది. గింత వయసుల సంతలెందుకమ్మా నీకు, ఆరాముగ ఉండు."

అతను మంచికే అన్నాడు. కానీ ముత్తక్క కొడుకు వైపు చూడలేదు. బొజ్జయ్య వైపు చూసింది.

బొజ్జయ్యకు తెలుసు. అక్కడ ఉన్నవాళ్ళలో ఆయనకొక్కడికే తెలుసు. కుంగింది వెనక, ముత్తక్క కూర్చుంది ముందు. బండి వెనక్కి మొగ్గినప్పుడు ముందు కూర్చున్న మనిషిని దింపితే ఇంకా మొగ్గుతుంది. ఎడ్ల బండి తోలే ఎవడైనా అప్పుడు నొగ మీదికి జరిగి కూర్చుంటాడు. ముత్తక్క ఆ సీట్లో ఉండడమే మేలు. కుంగదీస్తున్నది ట్రాలీ ముక్కు మీద ఉన్న పెట్టె. ఆ ముక్క చెప్పాలంటే పెట్టె తెరవాలి. తెరిస్తే అందులో ఉన్నవి పనిముట్లు కావని తేలుతుంది.

ఆయన కండువాతో చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్ని చాలాసేపు తుడుచుకున్నాడు.

"మంచిది" అంది ముత్తక్క. లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక వింత జరిగింది. ముత్తక్క మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తుంది, మాట లేదు. కోళ్ళకు గింజలు చల్లుతుంది, కోళ్ళను కూడా తిట్టదు. ఒక మూగవాడితో ఇల్లు ఎట్లాగో నడుస్తుంది గానీ ఇద్దరితో నడవదని పుష్పలతకు రెండు రోజుల్లోనే అర్థమైంది. మూడో రోజు లిఖిత అడిగింది. "తాతా, నాయనమ్మకు నీ జబ్బు అంటుకున్నదా?"

గురువారం ముత్తక్క లేకుండానే సంతకు పోయారు. దారిలో వీరబాబుకు చెమటలు పట్టాయి. "ఇదేంది నాయినా, అమ్మ దిగినా ముక్కు దిగలే. ఇంకా లేచింది" అన్నాడు. బొజ్జయ్య కిటికీలోంచి టేకు చెట్లను లెక్కపెడుతూ కూర్చున్నాడు. నలభై నిమిషాల దారికి రెండు గంటలు పట్టింది.

గిర్ని నిలిపి ఇంజను వేశారో లేదో, సోని మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకొని వచ్చింది. తండా నుంచి వారం తప్పకుండా వచ్చే మనిషి.

"అక్క ఏది, బావా?"

బొజ్జయ్య తల అడ్డంగా ఊపాడు.

"రాలేదా? ఏమైంది? బాగలేదా?"

బొజ్జయ్య తల దించుకున్నాడు. సోని కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. అందులో అపరాధం తప్ప ఏమీ లేదు గానీ, మాట లేని మనిషి ముఖంలో అపరాధానికీ దుఃఖానికీ తేడా ఎవరు కనిపెట్టగలరు.

"అయ్యో" అంది సోని. సంచి మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. "మా ఇంటి కారం ఎంత మెత్తగ పట్టాల్నో, ధనియాలు ఎప్పుడు ఎయ్యాల్నో అక్కకే ఎరుక. ఇంకోసారి వస్తలే."

తర్వాత వచ్చిన వాళ్ళూ అదే అడిగారు. బొజ్జయ్య అందరికీ తల దించుకున్నాడు. వీరబాబు డీజిలు కోసం పోయి ఒక అరగంటకు తిరిగి వచ్చేసరికి సంత జనం నోట ముత్తక్కకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి దవాఖానాలో చేరింది. చేపలు అమ్మే చోట ఆమెకు నోరు పడిపోయింది. సంత సద్దుమణిగేసరికి గిర్ని దగ్గర పట్టిన పిండి మూడు గిన్నెలు. ఒక ముసలావిడ వచ్చి బొజ్జయ్య చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ పోయింది.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే వాళ్ళు ఇల్లు చేరారు. వాకిలి ముందు ఆటో ఆగి ఉంది. సోనీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ అరటిపండ్ల గెలతో, ఒక బతికున్న కోడితో నిలబడి ఉన్నారు. వాళ్ళ ఎదురుగా ముత్తక్క రోకలి చేతబట్టుకొని, నిండు ఆరోగ్యంతో ఉంది.

నాలుగు రోజుల మౌనం అక్కడే తెగింది.

"నన్ను మంచాన పడేసి వచ్చినవా? నాకు నోరు పడిపోయిందంట. ఎవలు చెప్పిండ్రు? నువ్వేనా? నీకు నోరెప్పుడు వచ్చింది?"

"బావ ఏం చెప్పలే అక్కా" అంది సోని. "చెప్పలేదు గనకనే గింత అనుకున్నం."

"గంతే గదా ఈయనతోని. ఆదివారం నాడు నా కొడుకు నన్ను ఇంటికాడ ఉండమంటే గప్పుడు చెప్పలే. ఇయ్యాల సంత అడిగితే గప్పుడు చెప్పలే. ఇరవై రెండేండ్లు మడ్‌గార్డు మీద కూసున్న. నా నడుముకు ఎరుక. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ముత్తక్క రాకుంటే ఎట్ల అని అంటే నీ నాలుక అరిగిపోయేదా?"

బొజ్జయ్య నిమ్మకాయలు అరుగు మీద పెట్టాడు. కొట్టంలోకి పోయి కాంటా తెచ్చి ట్రాలీ ముందు పెట్టాడు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. పెట్టె తెరిచాడు.

అందరూ వంగి చూశారు. అరిగిపోయిన గిర్ని రాళ్ళు రెండు. పాత ఇంజను తిరుగుడు ఇరుసు. తెగిన గొలుసులు. మూతలేని మూడు ఆయిలు డబ్బాలు, వాటి నిండా తుప్పు బోల్టులు. ఎప్పుడో అమ్మేసిన ఎడ్ల నాడాలు. ఒక చిల్లుపడిన ఇత్తడి చెంబు. ఎప్పటికైనా పనికొస్తాయని ఇరవై రెండేళ్ళుగా ప్రతి సంతకూ తీసుకుపోయి, ప్రతి సంత నుంచీ భద్రంగా తిరిగి తెచ్చినవి.

బొజ్జయ్య ఒక్కొక్కటే తీసి కాంటా మీద పెట్టాడు. పుష్పలత ఎవరూ అడగకుండానే నోటుబుక్కు తెచ్చి రాసింది. నూట అరవై నాలుగు కిలోలు.

"మామా" అంది నెమ్మదిగా. "అంటే అత్తను దింపి దీన్ని ఎక్కించుకొని పోయిండ్రా?"

వీరబాబు ఖాళీ పెట్టె చూశాడు. కారు వైపు చూశాడు. కుంగిన వెనక భాగం జానెడు లేచింది. లేచిన ముక్కు దిగి నేల వైపు చూస్తోంది. అతని ముఖం ఎర్రబడింది. "అమ్మా, నేను ఊకనే లెక్క చూసి..." అన్నాడు.

"నీది తర్వాత చూస్త" అంది ముత్తక్క. పెనిమిటి ముందుకు వచ్చి నిలబడింది. "ఇది ఆదివారం నాడు నీకు ఎరుకనా?"

"అవ్."

"మరి?"

బొజ్జయ్య పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"పెట్టె నాది" అన్నాడు.

సోని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తక్కిన ముగ్గురూ ఆ తెలివి లేక బయటికే నవ్వేశారు. ముత్తక్క మాత్రం నవ్వలేదు. చెంబు చేతిలోకి తీసుకొని చిల్లులోంచి ఆయన ముఖం చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ చెంబు పారేయలేకపోయినవు. నన్ను మాత్రం ఉండమన్నవు."

బొజ్జయ్య చెంబు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. ఆ చెంబు ఆమె కాపురానికి తెచ్చుకున్నదని అప్పుడు పుష్పలతే అక్కడి అక్షరాలు చదివి చెప్పింది. అంచు మీద ముత్తక్క తండ్రి పేరు చెక్కి ఉంది. ముత్తక్క అది ఎప్పుడో పోయిందనుకుంది.

ఆమె చెంబును చాలాసేపు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ముక్కు చీది, కొంగుతో తుడుచుకొని తీర్పు చెప్పింది.

"వచ్చే గురువారం వస్త. కానీ సంతల నా గురించి అడిగినోళ్ళందరికీ నువ్వే చెప్పాలె. నోటితోని. తల ఊపుడు లేదు."

గురువారం ముత్తక్క ముందు సీట్లో కూర్చొని పోయింది. బొజ్జయ్య నడిమి సీట్లో, లిఖిత బడి సంచి ఒళ్ళో పెట్టుకొని, పెదవులు కదుపుతూ ఏదో సాధన చేసుకున్నాడు. బండి మిట్టను మేకపిల్లలా ఎక్కింది. వీరబాబు దారి పొడుగునా తల్లికి గుంతలు ముందే చూపించి మరీ తప్పించాడు.

సంతలో మొదటి మనిషి అడగ్గానే బొజ్జయ్యకు చెమట పట్టింది. "తనకేం కాలే. తప్పు నాది. పెట్టె" అని ఆగిపోయాడు. మూడో మనిషికి పెట్టెలో రాళ్ళున్నాయన్న సంగతి కూడా చెప్పగలిగాడు. పదో మనిషికి గుట్ట వచ్చింది, ముక్కు లేచింది. పన్నెండు గంటలకు జనం అడగకుండానే చెబుతున్నాడు. పెట్టె బరువు రెండు వందలైంది, తర్వాత మూడు వందలైంది.

"నూట అరవై నాలుగు" అని గిర్ని అటువైపు నుంచి ముత్తక్క దిద్దింది. సోని కారంలో ధనియాలు వేసే సమయం అది, చూపు తిప్పలేదు. గిర్ని ముందు సంచుల వరుస చేపల అంగడి దాకా పోయింది. సగం మంది పిండి కోసం, సగం మంది బొజ్జయ్య మాట్లాడుతున్నాడట చూద్దామని వచ్చినవాళ్ళు.

పొద్దు వాలేసరికి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. తిరుగు దారిలో ముత్తక్క ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి నీళ్ళ సీసా అందించింది.

"ఊరంతకు చెప్పినవు. నాకు చెప్పినవా?"

బొజ్జయ్య నీళ్ళు తాగాడు. ముందుకు వంగాడు. నడిమి సీటుకూ ముందు సీటుకూ మధ్య ఉన్న సందులో తల పెట్టి, మిగిలిన గొంతునంతా కూడదీసుకున్నాడు.

"తప్పు నాది" అన్నాడు. "నువ్వు లేకుంటే సంత సంత లెక్క లేదు."

వీరబాబు రోడ్డు మీదే కళ్ళు పెట్టుకున్నాడు. ముత్తక్క కూడా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. చెంపలు తడిగా ఉన్నాయి.

"వినవడలే" అంది. "ఇంకోసారి చెప్పు."